మోగని ఫోను, కర్త లేని వాక్యం



ఫోను మూగబోవడం రెండు విధాలు. మనం పిలిస్తే పిలుపు పోకపోవడం ఒకటి. ఇతరులు పిలిస్తే మనకు అందకపోవడం రెండవది. మొదటి రోగం వెంటనే బయటపడుతుంది. నంబరు నొక్కుతాం, పలకదు, విసుక్కుంటాం, సందు చివరి కొట్టుకు పట్టుకుపోతాం. రెండవది రోగికే తెలియని రోగం. మోగవలసిన ఫోను మోగనప్పుడు యజమానికి వినబడేది నిశ్శబ్దం. ఎవరూ పిలవని రోజున వినబడేదీ ఆ నిశ్శబ్దమే. ఈ రెంటికీ తేడా చెప్పే గుర్తు ఫోను ముఖాన ఎక్కడా కనబడదు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో ఆ తేడా తెలియక జరిగే నష్టం చిన్నది కాదు. అందుకు బాధ్యత చాలా సందర్భాలలో ఆ పెద్దవారిదీ కాదు, వారి చేతిలోని యంత్రానిదీ కాదు. ఆ బాధ్యత ఎవరిదో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందుగా ఒక మనవి. చరవాణి, సంచారవాణి, జంగమవాణి అని పండితులు చాలా పేర్లే పెట్టారు. అందులో చరవాణి చక్కని మాట. అయినా మా వీధిలో పాలు పోసే ఆవిడ 'ఫోను' అంటుంది, నేనూ ఇక్కడ ఫోనే అంటాను. వాణి సంగతి ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం కాబట్టి, ఆ వాణి ఎలా వచ్చి చేరుతుందో కొంచెం చూడాలి.

మనం పిలిచేటప్పుడు ఫోను టవరును వెతుక్కుంటుంది. పని సులువు, దగ్గరలో ఏది ఉంటే దానిని పట్టుకుంటుంది. ఇతరులు మనలను పిలిచేటప్పుడు మాత్రం వ్యవస్థ మన ఫోనును వెతకాలి. దేశంలో ఉన్న కోట్లాది ఫోన్లలో మనది ఏ ఊళ్లో, ఏ వీధి దాపున ఉన్నదో దానికి ఎలా తెలుస్తుంది? ప్రతి సంస్థ దగ్గరా ఒక చిట్టా ఉంటుంది. ఫోను ఒక ప్రాంతం విడిచి మరొక ప్రాంతానికి పోయినప్పుడల్లా, మనకు చెప్పకుండానే, 'నేను ఇప్పుడు ఫలానా చోట ఉన్నాను' అని ఆ చిట్టాలో రాయించుకుంటుంది. పిలుపు రాగానే సంస్థ ఆ చిట్టా చూసి, ఆ ప్రాంతపు టవర్లన్నిటి చేతా ఒకేసారి దండోరా వేయిస్తుంది. ఆ దండోరాలో తన పేరు విన్న ఫోను 'ఇక్కడ ఉన్నాను' అని బదులు చెబితే, అప్పుడు గంట మోగుతుంది. చిట్టాలో నమోదు చెడినా, దండోరా ఫోను చెవిని పడకపోయినా, ఎన్నిసార్లు పిలిచినా అంతే.

కొట్టులో కుర్రవాళ్లు ఫోను అందుకోగానే విమానం బొమ్మ నొక్కి, అర నిమిషం ఆగి, మళ్లీ నొక్కి ఇచ్చేస్తారు. మంత్రం వేసినట్లు ఫోను బాగవుతుంది. అందులో మంత్రమేమీ లేదు. విమానం బొమ్మ నొక్కితే ఫోను వ్యవస్థ నుంచి విడిపోతుంది. మళ్లీ నొక్కితే కొత్తగా వెళ్లి చిట్టాలో పేరు రాయించుకుంటుంది. నమోదులో ఉన్న తప్పు దానితో పోతుంది. ఫోను ఆపి మళ్లీ వేసినా జరిగేది ఇదే.

ఇక పిలిచినవారికి వినబడే మాటల సంగతి. ఫోనును మనం పద్ధతిగా ఆపితే, అది నిద్రపోయే ముందు వ్యవస్థకు 'సెలవు' అని చెప్పి మరీ పోతుంది. అప్పుడు పిలిచినవారికి 'స్విచ్ ఆఫ్' అన్న మాట వినబడుతుంది. సెలవు చెప్పే వ్యవధి లేకుండా బ్యాటరీ ఊడినా, సిగ్నల్ అందని చోటికి పోయినా, చిట్టా ప్రకారం మనిషి ఊళ్లోనే ఉంటాడు, దండోరాకు మాత్రం పలకడు. అప్పుడు 'అందుబాటులో లేరు' అంటుంది. రెండూ వేరువేరు సంగతులు, వేరువేరు కారణాలు. వినేవాళ్లు మాత్రం రెంటినీ ఒకే గాటన కట్టి 'ఆపేసుకున్నాడు' అంటారు.

మూడవది ఇంకొకటి ఉన్నది. అసలు గొడవంతా దానితోనే. ఫోను వెలుగుతూ ఉంటుంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, చిట్టాలో పేరు సరిగానే ఉంటుంది. అయినా వచ్చిన పిలుపును సంస్థ తన గుమ్మంలోనే ఆపేస్తుంది. కారణం, రీచార్జి గడువు తీరడం. గడువు తీరగానే పోయే కాల్స్ ఆగుతాయి. కొద్ది రోజుల తరువాత వచ్చే కాల్స్ కూడా ఆగుతాయి. ఇంట్లో వైఫై ఉన్నవారికి ఆ కొద్ది రోజులూ, ఆ తరువాత కూడా వాట్సాప్ మామూలుగానే నడుస్తుంది. పిల్లలు బొమ్మలో కనబడి పలకరిస్తూనే ఉంటారు. ఇక ఫోను చెడిందన్న అనుమానం ఎవరికి వస్తుంది?

నాతో పదకొండేళ్లు ఒకే ఉన్నత పాఠశాలలో పనిచేసిన హిందీ పండితులు ఒకరు ఉన్నారు. భార్య పోయి ఆరేళ్లయినది. ఒక కొడుకు బెంగుళూరులో, ఒకడు న్యూజెర్సీలో. రోజూ రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్‌లో ఇద్దరితోనూ మాట్లాడతారు. ఆయన స్వయంగా ఎవరికీ ఫోను చేసే అలవాటు తక్కువ. రీచార్జి సంగతి బెంగుళూరు కొడుకు చూసుకుంటాడు, తారీకు వస్తే వాడి కార్డు నుంచి దానంతటది కట్టబడే ఏర్పాటు. కార్డు మారింది, ఏర్పాటు తప్పింది, వాడికి తెలియలేదు.

రేపల్లె దగ్గర పల్లెలో ఉండే ఆయన అక్కగారికి జబ్బు చేసి గుంటూరు ఆసుపత్రిలో చేర్చారు. తమ్ముణ్ణి చూడాలని ఆవిడ అడిగారట. మేనల్లుడి భార్య తన మీటల ఫోను నుంచి రెండు రోజులలో నాలుగుసార్లు చేసింది. ప్రతిసారీ ఒక ఇంగ్లీషు వాక్యం, దాని వెనక ఒక హిందీ వాక్యం. ఆ అమ్మాయికి అర్థమైనది ఒక్కటే, ఫోను పోవడం లేదు. 'మావయ్యగారు ఫోను ఆపేసుకున్నారు' అని భర్తకు చెప్పింది. ఆసుపత్రి హడావుడిలో అతడూ ఇంకో దారి వెతకలేదు. అక్కగారు పోయిన మూడవనాడు గానీ ఈయనకు కబురు అందలేదు, అదీ మా ఊరి బస్సులో వచ్చిన ఒక తెలిసినాయన నోటి మీదుగా.

పెద్దకర్మ నాడు నేను కూడా వెంట వెళ్లాను. అరుగు మీద మేనల్లుడు, "నీ ఫోను నువ్వు ఆపేసుకుంటే మేం ఏం చేయం మావయ్యా?" అన్నాడు. ఈయన, "నా ఫోను ఒక్క క్షణం ఆపలేదురా. కబురు పెట్టడానికి మీకు మనిషే దొరకలేదూ?" అన్నారు. ఇద్దరివీ నిజాలే. ఇద్దరూ ఒకరినొకరు అబద్ధాలకోరు అనుకొని లేచారు. వచ్చే దారిలో బస్సులో నేను ఆయన ఫోనుకు నా ఫోను నుంచి చేశాను. వచ్చే కాల్స్ ఆ నంబరుకు లేవన్న మాట ఇంగ్లీషులో వినబడింది. ఆయన ఫోను ఆయన ఒళ్లో నిండు గీతలతో వెలుగుతూ ఉన్నది. సందేశాలు తిరగేస్తే, అప్పులిస్తామనేవారివీ పేకాట ఆడమనేవారివీ కలిసి నలభై యాభై సందేశాల నడుమ, గడువు తీరినట్లు సంస్థ పంపిన ఇంగ్లీషు సందేశం కనబడింది. పంతొమ్మిది రోజుల కిందటిది.

సంస్థ తన వంతు తెలియజేసింది. నిబంధన ప్రకారం దానిని తప్పు పట్టలేం. నేను అడుగుతున్నది నిబంధన గురించి కాదు, ఆ వాక్యం గురించి.

ముప్పై నాలుగేళ్లు పిల్లలకు వ్యాకరణం చెప్పినవాడిని, నా చూపు అటే పోతుంది. తెలుగుకు కర్తరి ప్రయోగం సహజం. 'రాముడు చెట్టు కొట్టాడు' అంటాం. 'రామునిచేత చెట్టు కొట్టబడింది' అనేది పరీక్ష కాగితంలో తప్ప ఏ ఊరి రచ్చబండ మీదా వినబడదు. కానీ దస్త్రాల తెలుగు, ప్రకటనల తెలుగు కర్మణి మీదనే బతుకుతాయి. 'సేవలు నిలిపివేయబడినవి.' ఎవరు నిలిపివేశారు? వాక్యంలో కర్త లేడు. 'స్విచ్ ఆఫ్ చేయబడి ఉన్నది.' ఎవరు చేశారు? ఇక్కడా లేడు. కర్త లేని చోట వినేవాడు తనకు తోచిన కర్తను తెచ్చి కూర్చోబెడతాడు. ఫోను ఎవరిదో వాడే కర్త అవుతాడు. ఆ మేనల్లుడి భార్య చేసినది అంతకన్నా వేరే ఏమీ కాదు. ఇంగ్లీషు వాక్యంలోనూ కర్త లేడు, ఆ అమ్మాయి మావయ్యగారిని కర్తగా నిలబెట్టింది.

ఈ రెండు రాష్ట్రాలూ కలిపి టెలికాం లెక్కలలో ఒకే సర్కిల్. ఈ సర్కిల్‌లో నంబరుకు ఈ సర్కిల్‌లో నంబరు నుంచి పిలుపు వస్తే మొదటి మాట తెలుగులో చెప్పడానికి అడ్డేమిటో నాకు తెలియదు. చెప్పే మాట కూడా ఇలా ఉంటే చాలు: 'మీ పిలుపు వారికి చేరలేదు. వారు ఫోను ఆపలేదు. మేమే ఇక్కడ ఆపాము.' మూడు చిన్న వాక్యాలు, మూడింటికీ కర్తలు ఉన్నారు. డబ్బు కట్టలేదన్న సంగతి పరాయివాళ్లకు చెప్పడం మనిషి పరువుకు భంగం కాదా అని ఒక మిత్రుడు అడిగారు. మంచి ప్రశ్నే. అందుకే నా వాక్యాలలో డబ్బు ఊసు లేదు. ఎవరు ఆపారో చెప్పాలి, ఎందుకు ఆపారో చెప్పనక్కరలేదు. ఎందుకు అన్నది ఫోను యజమానికి చెప్పాలి. అది సందేశాల చెత్తబుట్టలో కాదు, 'మీకు ఈరోజు వచ్చిన నాలుగు పిలుపులు ఆపాము' అని తెర మీద పెద్ద అక్షరాలతో, ఆయనకు వచ్చిన భాషలో.

ఇది జరిగే వరకు మనవంతు పరీక్ష మనం చేసుకోవలసిందే. తర్కశాస్త్రంలో అన్వయ వ్యతిరేకాలని రెండు మాటలున్నాయి. ఇది ఉంటే అది ఉండడం అన్వయం, ఇది లేకపోతే అది లేకపోవడం వ్యతిరేకం. ఫోను చికిత్సకు ఇంతకంటె మంచి పనిముట్టు లేదు. మీ సిమ్ తీసి బాగున్న మరొక ఫోనులో వేయండి. రోగం సిమ్ వెంట పోతే దోషం సిమ్‌లోనో ఖాతాలోనో ఉన్నది. రోగం పాత ఫోనులోనే ఉండిపోయి, వేరే సిమ్ వేసినా తగ్గకపోతే దోషం ఫోనుది. ఈ రెండు నిమిషాల పని చేయకుండా కొట్టువాడి మాట మీద కొత్త ఫోను కొన్నవాళ్లు మా పేటలోనే కనీసం ముగ్గురు ఉన్నారు.

అంతకన్నా ముందు, ఇంకో ఫోను నుంచి మీ ఫోనుకు చేసి, అవతల వినబడేది చివరిదాకా వినండి. అందరూ 'పోవడం లేదు' అని సగంలో పెట్టేస్తారు, రోగ నిర్ణయమంతా ఆ మిగతా సగంలోనే ఉంటుంది. అవతల గంట వినబడుతూ ఇవతల మీ ఫోను మౌనంగా ఉంటే వ్యవస్థలో లోపం లేదు, మీ ఫోనే నోరు కట్టుకుని ఉన్నది. గంట శబ్దం తగ్గించి ఉండవచ్చు. 'డు నాట్ డిస్టర్బ్' పడి ఉండవచ్చు. చాలా ఫోన్లలో దానికి చంద్రవంకో, అడ్డగీత ఉన్న వృత్తమో గుర్తు. పైనుంచి కిందికి వేలు జారితే చాలు, పడిపోతుంది. తెలియని నంబర్ల గంట వినబడకుండా చేసే ఏర్పాటు కొన్ని ఫోన్లలో ఉన్నది, దానివల్ల ఆసుపత్రి పిలుపూ మోగదు. నిషేధించిన నంబర్ల పట్టీలో సొంత తోడల్లుడు ఉండగా నేను చూశాను (అది పొరపాటున పడిందని ఆయన అన్నారు, నమ్మాను). బ్లూటూత్ చెవిగుబ్బలు పక్క గదిలో ఉండి మాట అటు పోవడం కూడా కద్దు.

మీ ఫోను వెలుగుతూ ఉండగా అవతలివారికి 'స్విచ్ ఆఫ్' అనో 'అందుబాటులో లేరు' అనో వినబడితే, దోషం ఆ చిట్టా నమోదులో. విమానం బొమ్మ, ఆ తరువాత ఫోను ఆపి వేయడం, ఆ తరువాత సిమ్ తీసి మెత్తని గుడ్డతో తుడిచి పెట్టడం. వీటికీ లొంగకపోతే సెట్టింగులలో నెట్‌వర్క్ మాత్రమే రీసెట్ చేసే వీలు ఉన్నది. దానివల్ల వైఫై తాళపదాలు పోతాయి కానీ ఫోటోలూ పేర్లూ పోవు. 'రీసెట్' అన్న మాటకు పెద్దవాళ్లు హడలిపోతారు కాబట్టి ఈ ముక్క చెప్పవలసి వచ్చింది. తెర మీద 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అని ఉంటే, ఏదో ఒక టవరు అందుతున్నదే కానీ మీ సంస్థ మిమ్మల్ని తనవాడిగా లెక్కలో చేర్చుకోలేదని అర్థం. 112కు చేయడానికి దారి ఉంటుంది, మనవడికి చేయడానికి ఉండదు.

పోయే కాల్స్ పోకపోతే మొదట రెండు సిమ్‌ల సంగతి చూడండి. ఏ సిమ్ నుంచి పిలవాలో ఫోనులో ఒకటి ఎంచి పెట్టి ఉంటుంది. రీచార్జి లేని సిమ్ అక్కడ కూర్చుని ఉంటే రెండవ సిమ్‌లో ఎంత డబ్బు ఉన్నా ఉపయోగం లేదు. ఇంటర్నెట్టు బ్రహ్మాండంగా వస్తూ మాట మాత్రం పోకపోతే వోల్టీ అన్న మీట చూడాలి. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలైనప్పుడే కేవలం 4జీ మీద మొదలయ్యాయి. దానికి 2జీ, 3జీ వల లేనే లేదు. అటువంటి వలలో మాట కూడా ఇంటర్నెట్టు దారిలోనే పోవాలి. ఆ దారి పేరే వోల్టీ. అది ఆపి ఉంటే మాటకు వేరే దారి లేదు. విదేశాలలో ఉన్న మిత్రులు ఈ ఒక్క వాక్యం గమనించాలి. మీరు ప్రేమతో నాన్నగారికి తెచ్చి ఇచ్చే అమెరికా ఫోను అక్కడి సంస్థకు తాళం వేసినదైతే ఇక్కడి సిమ్‌ను ఒప్పుకోదు. తాళం లేకపోయినా ఇక్కడి సంస్థ వోల్టీ అందులో పనిచేస్తుందన్న భరోసా లేదు. పెట్టె తెరవక ముందే అది కనుక్కోండి.

పాత ఫోను కొన్నవారికి ఇంకొక చిక్కు. ప్రతి ఫోనుకూ పదిహేను అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. నక్షత్రం, హాష్, సున్నా ఆరు, మళ్లీ హాష్ నొక్కితే కనబడుతుంది. దొంగ ఫోన్లను దేశమంతటా మూయించే ఏర్పాటు 2023 మే నెలలో సంచార్ సాథీ ద్వారా అందరికీ అందుబాటులోకి వచ్చింది. మూయించిన ఫోనులో ఏ సిమ్ వేసినా పలకదు. కొనే ముందే ఆ సంఖ్యను అక్కడ సరిచూసుకోవచ్చు.

ఇక ఆలస్యం పనికిరాని రోగాలు రెండున్నాయి. ఒకటి కాల్స్ దారి మళ్లడం. కొరియరు వాడినని ఎవడో పిలిచి, నక్షత్రంతో మొదలయ్యే సంఖ్య ఏదో నొక్కమంటాడు. నొక్కితే మీ పిలుపులు, వాటితో పాటు బ్యాంకువారు నోటిమాటగా చెప్పే ఓటీపీలు, వాడి ఫోనుకు పోతాయి. మీ ఫోను చల్లగా, మౌనంగా ఉంటుంది. ఇలా మీటలు నొక్కి దారి మళ్లించే సేవను 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపివేయమని టెలికాం శాఖ సంస్థలను ఆదేశించింది. అయినా అనుమానం ఉంటే రెండు హాష్‌లు, సున్నా సున్నా రెండు, ఒక హాష్ నొక్కి పిలిస్తే మళ్లింపులన్నీ రద్దవుతాయి. రెండవది, ఇరుగుపొరుగు వారికి అదే సంస్థ సిగ్నల్ బాగా ఉండగా, రీచార్జి ఉండగా, మీ ఒక్కరికి హఠాత్తుగా 'నో సర్వీస్' రావడం. మీ పేరుతో ఎవరైనా నకలు సిమ్ పుచ్చుకున్నారేమోనని అనుమానించాలి. రేపు చూద్దాం అనుకోకుండా పక్కింటి ఫోను నుంచి సంస్థకూ బ్యాంకుకూ చెప్పాలి. డబ్బు పోయి ఉంటే 1930కి చెప్పాలి.

ఇవన్నీ నేర్చుకోవచ్చు. కానీ గడువు తీరి ఆగిన పిలుపుకు మన నేర్పు చాలదు. దాని వెనుక ఉన్నది లెక్క.

మన దేశంలో మొదటి మొబైలు సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుంచి జ్యోతి బసు, ఢిల్లీలో సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజులలో వచ్చే కాలుకు కూడా డబ్బు కట్టవలసిందే. 2003 మే 1 నుంచి పిలిచినవాడే కట్టే పద్ధతి వచ్చింది. పేదవాడి చేతికి ఫోను వచ్చిన కాలం అది. పది రూపాయలు వేసుకుని నెలల తరబడి పిలుపులు అందుకున్నవారు లక్షలమంది. సంస్థలు అప్పుడు వారిని ఎందుకు భరించాయి? పిలుపు అందించినందుకు, పిలిచినవాడి సంస్థ అందించిన సంస్థకు నిమిషానికి ఇంత అని ఇచ్చేది కాబట్టి. అంటే మౌనంగా కూర్చుని పిలుపులు అందుకునే ముసలమ్మ కూడా సంస్థకు ఆదాయమే. ఆ రుసుము 2015లో 14 పైసలు, 2017 అక్టోబరు 1 నుంచి 6 పైసలు, 2021 జనవరి 1 నుంచి సున్న. ఇటు 6 పైసలకు దిగిన ఏడాదికి, 2018 చివరలో, పెద్ద ప్రైవేటు సంస్థలు 35 రూపాయల కనీస రీచార్జి తెచ్చాయి. కట్టకపోతే వచ్చే కాల్స్ కూడా బంద్. ఖాతాలో తగిన నిల్వ ఉన్నవారి సేవలను వెంటనే ఆపవద్దని ట్రాయ్ ఆ నవంబరులోనే సంస్థలకు చెప్పవలసి వచ్చింది. ఒకదాని వెనుక ఒకటి వచ్చిన ఈ రెండు సంగతులకూ సంబంధం ఉన్నదని నా తీర్మానం. ముసలమ్మ ఆదాయం కావడం మానేసింది, ఖర్చు అయింది.

2024 జూలైలో ధరలు పెరిగాక ఆ సంస్థల 28 రోజుల పథకాలు రెండు వందల దరిదాపులకు వచ్చాయి. ఆ 28 అన్న లెక్క ఎక్కడి నుంచి తెచ్చారో! నక్షత్రాలు 27, అభిజిత్తును కలుపుకుంటే 28, బహుశా ఆ లెక్క కాబోలు. దానివల్ల ఏడాదికి పదమూడుసార్లు కట్టాలి. పంచాంగంలో అధికమాసం రెండున్నర మూడేళ్లకు ఒకసారి వస్తుంది, ఫోనుకు ఏటా వస్తుంది. 30 రోజుల పథకం ఒకటి, ప్రతి నెలా అదే తారీకున కట్టుకునే పథకం ఒకటి విధిగా ఉంచాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. 2024 డిసెంబరులో ఇంకొక మంచి పని చేసింది. ఇంటర్నెట్టు అక్కరలేనివారికి కేవలం మాటలు, సందేశాలు మాత్రమే ఉండే పథకాలు పెట్టాలన్నది, అటువంటి ప్రత్యేక పథకాల గడువును 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోనిచ్చింది. 2025 జనవరి నుంచి అవి వచ్చాయి. కొట్టువాడు వాటి పేరు తానుగా ఎత్తడు, అడిగి వేయించుకోవాలి.

సంస్థలు ధర్మసత్రాలు కావు, ఊరికే సేవ చేయమని నేను అనడం లేదు. పోయే కాల్స్ ఆపండి, ఇంటర్నెట్టు ఆపండి. అవి ఆగితే యజమానికి ఆ క్షణమే తెలుస్తుంది, కావాలంటే కట్టుకుంటాడు. వచ్చే పిలుపును మాత్రం గడువు తీరిన తొంభై రోజుల దాకా ఆపరాదు. ఈ తొంభై నేను గాలిలోంచి తీసిన లెక్క కాదు. వాడని నంబరును కూడా తొంభై రోజులలోపు రద్దు చేయరాదని 2013లో ట్రాయ్ పెట్టిన నిబంధన ఉన్నది. నంబరును అన్నాళ్లు బతికించి ఉంచుతున్నప్పుడు దానికి చెవి కూడా ఉంచాలి. అది కుదరదంటే కనీసం ఆ మూడు వాక్యాలు తెలుగులో పలకాలి. రికార్డు చేయడానికి ఒక పూట పని. కావాలంటే నేను వచ్చి చదివిపెడతాను, గొంతు ఇంకా బాగానే ఉన్నది.

మీలో చాలామంది కన్నవారికి దూరాన ఉన్నవారు. వారి ఫోను మీరే కొన్నారు, రీచార్జి మీరే చేస్తున్నారు, రోజూ వాట్సాప్‌లో కనబడుతున్నారు. ఒక పని చేయండి. ఆదివారం నాడు వాట్సాప్‌లో కాకుండా వారి మామూలు నంబరుకు ఒకసారి చేయండి. మోగితే రెండు మాటలు మాట్లాడి పెట్టేయండి. మోగకపోతే అవతల వినబడిన వాక్యాన్ని చివరిదాకా విని, ఉన్నదున్నట్లు కాగితం మీద రాసుకోండి. ఆ తరువాత పక్కింటివారికి చేసి, నాన్నగారి ఫోను ఒళ్లో వెలుగుతున్నదో లేదో ఒకసారి చూసి చెప్పమనండి.